అయిదేళ్లు వాడాక: నా ఫోన్‌లోని బ్యూటీ మోడ్

2019 దసరాకి కొన్న ఫోన్ ఇది. 14 వేలు పెట్టాం. పోయిన సంక్రాంతికి మార్చేశాను. బ్యాటరీ, స్పీకరు గురించి చెప్పడానికి పెద్దగా లేదు, బాగానే పనిచేశాయి. నేను రాయాలనుకున్నది ముందు కెమెరాలోని బ్యూటీ మోడ్, అంటే ఫొటోలో మొహాన్ని నునుపు చేసి రంగు తేల్చే సదుపాయం గురించే.

పెట్టెలోంచి తీసినప్పుడే అది ఆన్‌లో ఉంది, నేను పెట్టలేదు. మొదటి సెల్ఫీ చూసుకుని మురిసిపోయాను. నాది చామనఛాయ. చిన్నప్పుడు అమ్మవారు పోసి నుదుటి మీద రెండు గుంటలు మిగిలాయి. ఫొటోలో గుంటలు లేవు, రంగు తేలింది. వాట్సాప్‌లో డీపీ మార్చిన గంటకే మా పిన్ని ఫోన్ చేసి "ఏం పూస్తున్నావే మొహానికి?" అంది. ఆ మాట ఎంత తియ్యగా అనిపించిందో! 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో బ్యూటీప్లస్, యూకామ్ మేకప్ లాంటి మొహం దిద్దే యాప్‌లు కూడా పోయాయి గానీ, ఫోన్‌తోనే వచ్చిన ఈ మోడ్ ఎక్కడికీ పోలేదు. అది ఎంత దిద్దాలో చెప్పే గీత ఒకటి ఉంటుంది, సున్నా నుంచి అయిదు దాకా. మూడు దగ్గరున్న దాన్ని నాలుగుకి జరిపాను, ఆ తర్వాత అయిదుకి.

పెళ్లిళ్లలో ఎవరైనా వెనక కెమెరాతో తీసిన ఫొటో గ్రూపులో పెడితే "అది తీసెయ్యవే" అని బతిమాలేదాన్ని. బీరువా అద్దం ముందు నిలబడితే అద్దంలో మనిషే తేడాగా అనిపించేది. సెల్ఫీల్లో చూసి ముక్కు వెడల్పన్న బెంగ ఒకటి పట్టుకుంది. అమెరికా డాక్టర్లు 2018లో దీన్ని లెక్కగట్టారని ఆలస్యంగా తెలిసింది. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే ముక్కు, 5 అడుగుల నుంచి తీసినదానికన్నా సుమారు 30 శాతం వెడల్పుగా పడుతుందట. కెమెరా మరీ దగ్గరగా ఉండబట్టి వచ్చిన తేడాని నా మొహంలో లోపం అనుకుని నాలుగేళ్లు బాధపడ్డాను.

ఇదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది అమ్మ విషయం.

2023లో అమ్మ పోయింది. పెద్దకర్మకి పటం కట్టించాలి. అమ్మతో నేను దిగిన సెల్ఫీలు ఫోన్‌లో వందల్లో ఉన్నాయి. స్టూడియోలో ఒక్కొక్కటే పెద్దది చేసి చూస్తుంటే నా చేతులు చల్లబడిపోయాయి. అమ్మ నుదుటి మీద మూడు గీతలుండాలి, లేవు. కళ్ల చివర ముడతలు లేవు. చిన్నప్పుడు పుట్టింట్లో పొడిపించిన పచ్చబొట్టు చుక్క, గడ్డం మీదది, చర్మం రంగులో కలిసిపోయింది. మొహమంతా మీగడ కట్టినట్టు ఒకటే నునుపు. స్టూడియో అబ్బాయి "ఇంకేదైనా ఉందా అక్కా?" అని మెల్లగా అడిగాడు. చివరికి బ్యాంకు పాస్‌బుక్కు మీది చిన్న ఫొటో పట్టుకెళ్లి పెద్దది చేయించాం. మసకగా వచ్చింది. పచ్చబొట్టు మాత్రం ఉంది.

కొత్త ఫోన్ కొన్నవాళ్లు ముందు కెమెరా తెరిచి, ఈ గీతని సున్నాకి దించండి. కెమెరా మూసి, మళ్లీ తెరిచి చూడండి. నా పాత ఫోన్‌లో అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది మళ్లీ మూడుకి వెళ్లిపోయేది. సున్నాలో పెట్టినా కొంత నునుపు మిగిలేది. అందుకే ఇంట్లో పెద్దవాళ్లని వెనక కెమెరాతో, నాలుగైదు అడుగుల దూరం నుంచి తీయండి. గూగుల్ 2020లోనే పిక్సెల్ ఫోన్లలో, ముఖాన్ని దిద్దే సదుపాయం మనం ఆన్ చేస్తేనే పనిచేసేలా మారుస్తున్నట్టు ప్రకటించింది. మిగతా కంపెనీలన్నీ కూడా ఆ పని చెయ్యాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పోయిన వారం మా నాన్నని పెరట్లో అరుగు మీద కూర్చోబెట్టి తీశాను. రెండు రోజుల గడ్డం, కనుబొమ్మ మీద పాత గాటు, అన్నీ పడ్డాయి. ఆయనకి నచ్చలేదు. గడ్డం గీసుకొచ్చి మళ్లీ తీయమన్నారు. రెండూ దాచుకున్నాను.