చేత్తో నడిపితే ఓకే, క్రాన్‌లో పెడితే ఫెయిల్: వేరియబుల్స్ ఎక్కడ పెడితే మేలు?

టెర్మినల్లో నడిపితే స్క్రిప్ట్ చక్కగా పనిచేస్తుంది. అదే స్క్రిప్ట్‌ని రాత్రి రెండింటికి నడపమని క్రాన్‌కి (లినక్స్‌లో చెప్పిన వేళకి పనులు నడిపే ప్రోగ్రాం) అప్పజెబితే, పొద్దున లాగ్‌లో ఒకే ముక్క ఉంటుంది: "నోడ్ నాట్ ఫౌండ్", అంటే జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ ప్రోగ్రాం దొరకలేదని. ఉద్యోగంలో చేరిన కొత్తలో దీనికి మూడు రాత్రుల నిద్ర సమర్పించుకున్నాను. తప్పు స్క్రిప్ట్‌లో ఉందనుకుని దాన్నే తిరగరాస్తూ కూర్చున్నాను మరి.

మనం లాగిన్ అయితే షెల్ (మన కమాండ్లు నడిపే ప్రోగ్రాం) మన ప్రొఫైల్ ఫైళ్లు చదివి, వాటిలోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని, అంటే ప్రోగ్రాంలకి అందే సెట్టింగుల్ని, తెచ్చుకుంటుంది. క్రాన్ చదవదు. డెబియన్, ఉబుంటుల్లో యూజర్ క్రాన్‌ట్యాబ్‌కి (క్రాన్ పనుల జాబితా) దక్కే పాత్‌లో, అంటే ప్రోగ్రాంల కోసం వెతికే చోట్ల జాబితాలో, మామూలుగా రెండే డైరెక్టరీలు: యూఎస్ఆర్ కింది బిన్, రూట్ కింది బిన్. షెల్ కూడా టెర్మినల్లో మనం వాడే బాష్ కాదు, డ్యాష్ అనే చిన్న షెల్. ఎన్‌వీఎంతో (నోడ్ వెర్షన్లు వేసే సాధనం) వేసుకున్న నోడ్ మన హోమ్ ఫోల్డర్‌లో ఎక్కడో ఉంటుంది, క్రాన్‌కి దాని సంగతే తెలియదు. అనుమానం ఉంటే నిమిషానికోసారి ఎన్వ్ కమాండ్ (ఉన్న వేరియబుల్స్ చూపేది) నడిపి, ఫలితాన్ని ఓ ఫైల్లోకి పంపే లైను క్రాన్‌ట్యాబ్‌లో పెట్టి చూడండి. ఆ ఫైలు ఎంత చిన్నదో చూస్తే అర్థమైపోతుంది.

చాలామంది ముందు చేసేది స్క్రిప్ట్‌లో బాష్‌ఆర్‌సీని (బాష్ సెట్టింగుల ఫైలు) సోర్స్ చేయడం, అంటే చదివించడం. నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ దారి ఇదే. డ్యాష్‌కి సోర్స్ అనే మాటే తెలియదు, చుక్క పెట్టాలి. అది దాటినా, ఉబుంటు ఇచ్చే బాష్‌ఆర్‌సీ మొదట్లోనే ఒక తనిఖీ ఉంటుంది: షెల్ ఇంటరాక్టివ్ (ఎదురుగా కూర్చుని మనం టైప్ చేసేది) కాకపోతే అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోతుంది. ఎన్‌వీఎం తన లైన్లు చేర్చేది ఫైలు చివర. అంటే ఫైలు చదివినట్టే ఉంటుంది, ఎర్రరూ రాదు, నోడ్ మాత్రం దొరకదు.

క్రాన్‌ట్యాబ్ పైభాగంలోనే వేరియబుల్స్ రాసుకోవడం దీనికంటే నయం. ఒకటీ రెండూ అయితే ఇదే చాలు. కాకపోతే అక్కడ విస్తరణ, అంటే వేరియబుల్ పేరు స్థానంలో దాని విలువ రావడం, జరగదు. పాత పాత్‌కి కొత్తది కలుపుదామని డాలర్ పాత్ అని రాస్తే, ఆ అక్షరాలే విలువగా కూర్చుంటాయి. పూర్తి దారి రాయాల్సిందే. (పనిలో పని: కమాండ్‌లో తేదీ కోసం శాతం గుర్తు వాడితే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి, లేకపోతే క్రాన్ దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది.) అసలు ఇబ్బంది వేరే ఉంది. ఇప్పుడు క్రాన్‌లో నడుస్తుంది, చేత్తో నడిపితే ఫెయిలవుతుంది. రోగం పక్కింటికి మారిందంతే.

అందుకే నేను చూసేది ఒక్కటే: రాత్రి రెండింటికి ఉండే వాతావరణంలోనే (అవే వేరియబుల్స్‌తోనే) పట్టపగలు నడిపి చూడగలనా? ఆ లెక్కన మిగిలేవి రెండు.

ఒకటి, చిన్న ర్యాపర్ స్క్రిప్ట్. వేరియబుల్స్ విడిగా ఓ ఫైల్లో, పర్మిషన్ 600తో (యజమానికి మాత్రమే చదివే, రాసే హక్కు) ఉంటాయి. ర్యాపర్ దాన్ని చదివి అసలు పనిని పిలుస్తుంది. పరీక్షించాలంటే ఎన్వ్ కమాండ్‌కి హైఫన్ ఐ ఇచ్చి, ఖాళీ వాతావరణంలో ర్యాపర్‌ని నడపాలి. అక్కడ నడిస్తే క్రాన్‌లోనూ దాదాపు నడిచినట్టే.

రెండోది సిస్టమ్‌డీ టైమర్: లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలో, వేళకి పని లేపే ఏర్పాటు. ఒక్క లైను పనికి సర్వీస్ ఫైలు, టైమర్ ఫైలు రాయాలంటే మొదట్లో విసుగే. కానీ సర్వీస్‌ని సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ కమాండ్‌తో ఎప్పుడు లేపినా, టైమర్ లేపినప్పుడు ఉండే వాతావరణమే దానికి దొరుకుతుంది. ఎర్రర్లు జర్నల్‌లో (సిస్టమ్‌డీ లాగ్) పడి ఉంటాయి. ఇదీ ప్రొఫైల్ చదవదు కాబట్టి, నోడ్‌కి పూర్తి దారి ఇక్కడా ఇవ్వాలి. సర్వీస్‌కి ఎన్విరాన్‌మెంట్‌ఫైల్‌గా (వేరియబుల్స్ ఉండే ఫైలు) ఇచ్చే ఫైల్లో ఎక్స్‌పోర్ట్ అని రాయకూడదు, డాలర్ విస్తరణ ఆశించకూడదు. ర్యాపర్ కోసం రాసిన ఫైల్నే తెచ్చి ఇక్కడ పెట్టేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే.

ఉన్న క్రాన్ పనులకి నేను ర్యాపర్ తగిలించి వదిలేస్తాను. కొత్తగా పెట్టేవి, ముఖ్యంగా బ్యాకప్‌లు, టైమర్‌లోనే. దానికి ఇంకో కారణం కూడా ఉంది. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే మన రాత్రి 2 గంటలు దానికి ముందురోజు 20:30. డెబియన్ క్రాన్‌ట్యాబ్‌లో టీజెడ్ (టైమ్ జోన్) వేరియబుల్ పెట్టినా అది కమాండ్‌కే వర్తిస్తుంది, షెడ్యూల్ మారదు. టైమర్‌లో అయితే సమయం పక్కనే ఏషియా/కోల్‌కతా అని జోన్ పేరు రాసేయొచ్చు.