ట్రక్కు పిన్ను: మెత్తదా, గట్టిదా?

కోతలు ఇంకో పది రోజులున్నాయనగా ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ట్రక్కు పిన్ను అరిగింది, లేత్‌లో చేయించనా, బజార్లో కొననా?" ట్రాక్టరు వెనక ట్రక్కుని, అంటే ట్రైలర్‌ని, తగిలించే పిన్ను ఇది. పోయిన వారమే నాదీ మార్చాను గనక ఈసారి అందరికీ కలిపి రాసేస్తున్నా.

తీసిన పాత పిన్ను ఇప్పుడు నా ముందే ఉంది. చెరకు గడలా కణుపులు తేలింది. మధ్యలో, ట్రక్కు ముందుండే రింగు లాగే చోట ముందు వైపు అరిగింది. పైనా కిందా, ట్రాక్టరు వెనకుండే హిచ్ పలకలు ఆనే చోట వెనక వైపు అరిగింది. నా పిన్ను పిడి హిచ్‌కి తగిలి తిరగదు, అందుకే ఈ ఒంటి పక్క అరుగుడు. సగం తిప్పి పెడితే ఇంకో సీజను వస్తుందంటారు కొందరు. రింగుకి కొత్త ముఖం దొరుకుతుందేమో గానీ, పోయిన లావు తిరిగి రాదు కదా. 30 మి.మీ. పిన్ను చుట్టూ అరిగి 27కి దిగితే తెగకుండా ఆపే బలం 19 శాతం, వంగకుండా ఆపే బలం 27 శాతం పోయినట్టే. నేనైతే 2 మి.మీ. తగ్గగానే తీసేస్తా.

మామూలు మైల్డ్ స్టీలు కడ్డీ తిప్పించుకుంటే చవక. విరిగే ముందు వంగి చెబుతుంది, అదో సుగుణం. కానీ వంగిందంటే పొలం గట్టున సుత్తి పట్టుకుని కూర్చోవాలి. నిండు వడ్ల లోడుకి నాకు రెండుసార్లు ఆ ముచ్చట తీరింది. బజార్లో దొరికే హార్డెనింగ్ చేసిన (కాల్చి, చల్లార్చి గట్టిపరిచిన) పిన్ను దీనికి పూర్తి ఎదురు, ఏళ్ల తరబడి మెరుస్తూనే ఉంటుంది. అందరూ దాన్నే మెచ్చుకుంటారు.

నాకు నచ్చనిదీ అక్కడే. పిన్ను అరగకపోతే అరిగేది ఏది? రింగు. పిన్నుదేముంది, లాగి ఇంకోటి పెడతాం. రింగు ట్రక్కు ఫ్రేముకి వెల్డింగయి ఉంటుంది. దాని కన్ను కోడిగుడ్డు ఆకారానికి వచ్చాక బ్రేకు కొట్టినప్పుడల్లా, గేరు మార్చినప్పుడల్లా లోడు మొత్తం వచ్చి పిన్నుని గుద్దుతుంది. చివరికి రింగు కోసి, కొత్తది వరస చూసి అతికించాలి. వరస కాస్త తప్పినా ట్రక్కు పక్కకి లాగుతుంది.

అందుకే నా ఓటు మధ్యదానికి: ఈఎన్-8 అనే రకం స్టీలు కడ్డీతో లేత్‌లో చేయించిన పిన్ను, హార్డెనింగ్ లేకుండా. కార్బన్ సుమారు 0.4 శాతం, మైల్డ్ స్టీలు కంటే గట్టిది. దాంతోపాటు రింగు కన్ను బోరు చేయించి బుష్ (గొట్టం లాంటి తొడుగు) దిగ్గొట్టించాను. ఇక అరిగితే పిన్నో బుష్షో అరుగుతుంది, రింగు జోలికి పోదు. ఒక్క మాట, ఈఎన్-8 పిన్ను అరిగితే వెల్డింగుతో నింపించొద్దు. ముందుగా వేడి చేయకుండా అతికిస్తే పక్కన పగుళ్లు వస్తాయి.

పాత లారీ యాక్సిల్ ముక్కతో చేయించొచ్చా అంటే, హార్డెనింగ్ పిన్ను గురించి చెప్పిందే దానికీ. బోల్టు వద్దు, మరలున్న చోట లావు తక్కువ. బాల్ హిచ్, అంటే పిన్ను బదులు గుండు మీద తగిలించేది, కార్ల వెనక చిన్న ట్రైలర్లకి.

పిన్ను ఎంత మంచిదైనా కింద క్లిప్పు లేకపోతే దండగ. ఒకసారి క్లిప్పు పోయి మేకు వంచి పెట్టాను. ట్రక్కు ముందు వైపు నుంచి బస్తాలు దించుతుంటే వెనక బరువుకి రింగు లేచింది, మేకు తెగింది, పిన్ను సగం పైకి వచ్చేసింది. ట్రాక్టరు నిలబడి ఉంది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి రెండు క్లిప్పులు అదనంగా డాష్‌బోర్డు దగ్గరే వేలాడుతుంటాయి, ట్రక్కుకి గొలుసు కూడా కట్టే ఉంటుంది.

గ్రీజు పెట్టేముందు పాతది గుడ్డతో తుడవండి. దుమ్ము కలిసిన గ్రీజు ఆకురాయి పనే చేస్తుంది. అరిగిన పిన్నుని టూల్ బాక్సులో మాత్రం ఉంచకండి, హడావుడిలో డ్రైవరు చేతికి తగిలేది అదే. నాది రేపట్నుంచి దూడని కట్టే మేకు.