పదేళ్లుగా థైరాయిడ్ మాత్రతో: మందుకు మంచి మార్కులే, చీటీలకే తక్కువ

థైరాయిడ్ హార్మోన్ తక్కువైనవాళ్లకు ఇచ్చే లీవోథైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టి పదేళ్లు దాటింది. మిక్సీకీ ఫ్రిజ్‌కీ సమీక్షలు రాస్తారు, రోజూ పొద్దున్నే నోట్లో వేసుకునేదాని గురించి ఎవరూ రాయరేం అనిపించి ఇది రాస్తున్నాను. నేను తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు టీచర్ని, డాక్టర్ని కాను. ఇక్కడున్నదంతా నా ఒంటికి జరిగింది, అడిగి తెలుసుకున్నది. డోసు మాత్రం ఎవరిది వాళ్లదే, నాది చూసి మార్చుకోకండి.

ముందే తీర్పు చెప్పేస్తాను. మందు మంచిది, చవక, నాకు పనిచేసింది. చిక్కంతా దాన్ని రాసిచ్చే తీరుతోనే వచ్చింది. రిపోర్టులో అంకె చూసి డోసు మార్చినవాళ్లు చాలామంది కనిపించారు. మాత్ర ఎలా వేసుకుంటున్నావని అడిగినవాళ్లు బాగా తక్కువ.

మొదట వచ్చింది నీరసం. రాత్రంతా నిద్రపోయినా లేచేసరికి ఒళ్లు బరువు. ఇంట్లో, బడిలో పని ఎక్కువైందనుకున్నాం. తర్వాత మలబద్ధకం, పొడిబారిన చర్మం, ముఖంలో ఉబ్బు, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం ఒకదాని వెంట ఒకటి చేరాయి. ఆగస్టు ఉక్కలో స్టాఫ్ రూంలో అందరూ ఫ్యాన్ కింద చేరితే నేను పమిట కప్పుకుని మూలన కూర్చునేదాన్ని. పేపర్లు దిద్దుతుంటే వేళ్లు తిమ్మిరెక్కేవి. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది గొంతు. పద్యం రాగం తీసి చదవటం నా పని. పై స్థాయి అందటం మానేసింది, గొంతు బొంగురుపోయింది. "జలుబు చేసిందా టీచర్" అని పిల్లలు వారాల తరబడి అడిగారు. కంఠతా వచ్చిన పద్యం మూడో పాదం దగ్గర ఆగిపోతే పుస్తకం తెరిచి చూసుకోవాల్సి వచ్చేది. మా అత్తగారైతే "ఈ వయసులోనే ఇంత మతిమరుపేంటమ్మాయ్" అని నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఊళ్లో మొదట చూసిన డాక్టరు బీ-కాంప్లెక్స్ రాసి పంపేశారు. చివరికి జబ్బు పట్టుకున్నది ఎవరనుకున్నారు? జుట్టు ఊడిపోతోందని వెళితే గుంటూరులో చర్మం డాక్టరు. ఆవిడ నా ముఖం, మోచేతుల చర్మం చూసి, ముందు టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నారు. 38 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద సాధారణ పరిమితి దాదాపు 0.4 నుంచి 4 దాకా ఉంది.

ఈ టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి పంపే పిలుపు. పలకని పిల్లవాణ్ణి ఇంకా గట్టిగా పిలిచినట్టు, థైరాయిడ్ పనిచేయనకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. థైరాయిడ్ మీదికి మన ఒళ్లే తయారుచేసే యాంటీబాడీలను చూసే యాంటీ టీపీఓ పరీక్ష కూడా చేయిస్తే అదీ చాలా ఎక్కువే ఉంది. అంటే నాది హషిమోటో రకం. మన రోగనిరోధక వ్యవస్థే మన గ్రంథి మీద పడుతుంది. 1912లో దీన్ని వివరించిన జపాన్ వైద్యుడు హకారు హషిమోటో పేరే జబ్బుకు పెట్టారు.

50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, రెండు విడతల్లో 100కి తెచ్చారు. మొదటి పది రోజుల్లో ఏ తేడా లేక మందు మారిస్తే బాగుండనిపించింది. ఈ మందు రక్తంలో సగం తగ్గటానికే వారం పడుతుంది, అందుకే నిలకడకు రావటం ఆలస్యం. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితేనే టీఎస్‌హెచ్ అంకెకు అర్థం. నాకు ముందు చలి పోయింది, తర్వాత మలబద్ధకం. గొంతు తిరిగి రావటానికి నెలలు పట్టింది. ముఖం ఉబ్బు తగ్గిందని నాకంటే ముందు మా ఆయన కనిపెట్టారు.

బరువు గురించి ఆశ పెట్టుకోకండి. థైరాయిడ్ తక్కువైనందువల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు ఉప్పూ నీరూ. నాకు మూడు కిలోలు తగ్గాయి. మిగతాది అన్నం పుణ్యమే.

ఇక అసలు కథ. మూడేళ్లు 100 మీద హాయిగా గడిచాక ఒకసారి టీఎస్‌హెచ్ 9 దాటింది. అప్పుడు చూపించుకుంటున్న డాక్టరు రిపోర్టు చూసి 125 చేశారు. మొత్తం మాట్లాడింది రెండు నిమిషాలు. అంతకు కొన్ని నెలల ముందు మోకాళ్ల నొప్పులకని ఇంకో డాక్టరు కాల్షియం కోర్సు రాశారు. రెండు చీటీల్లోనూ "ఉదయం ఒకటి" అనే ఉంది. చీటీలో ఉన్నట్టే రెండూ కలిపి వేసుకున్నాను. కాల్షియం ఈ మాత్రని పేగుల్లోనే పట్టేసుకుంటుంది, మందు ఒంటికి పట్టదు. రెండిటి మధ్య నాలుగు గంటలు ఉండాలని ఆ ఇద్దరూ చెప్పలేదు, మెడికల్ షాపులోనూ చెప్పలేదు.

కాల్షియం కోర్సు అయిపోయింది. 125 మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు మొత్తం ఒంటికి పట్టటం మొదలైంది. గుండె దడ, చేతుల్లో వణుకు, రాత్రి నిద్ర పట్టదు, అయినదానికీ కానిదానికీ చిరాకు. అది టెన్షన్ అని నిద్రమాత్రలు రాసినవారూ ఉన్నారు. చివరికి గుంటూరులో ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఆయన రిపోర్టు తెరవకముందే అడిగారు, "మాత్ర ఎలా వేసుకుంటున్నారమ్మా? దానితో పాటు ఇంకేం వేసుకుంటున్నారు?" అప్పటిదాకా ఒక్కరూ అడగని ప్రశ్న. టీఎస్‌హెచ్ 0.05కి పడిపోయి ఉంది. అలా చాలాకాలం వదిలేస్తే గుండె లయ తప్పవచ్చని, ఎముకలు గుల్లబారవచ్చని చెప్పి మళ్లీ 100కి తెచ్చారు. రెండు నెలల్లో నేను మళ్లీ మనిషినయ్యాను.

ఆయన దగ్గరే ఉండిపోవటానికి ఇంకో కారణం కూడా ఉంది. తర్వాత ఒకసారి టీఎస్‌హెచ్ 2.1 ఉండి కూడా నేను నీరసంగానే ఉన్నాను. "నార్మలే కదా, మీ మనసులోనే ఏదో ఉంది" అనే మాట అంతకుముందు ఒకచోట విన్నాను. ఈయన అలా అనకుండా హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, బీ12 పరీక్షలు చేయించారు. హిమోగ్లోబిన్ 9కి పడిపోయి ఉంది. నెలసరి రక్తస్రావం చేసిన పని అది. ఐరన్ మాత్ర రాస్తూ, రాత్రి పూటే వేసుకోమని కింద గీత గీశారు, ఎందుకంటే ఐరన్ కూడా కాల్షియం లాగే అడ్డుపడుతుంది. గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లు అదీ చెప్పాలి. కడుపులో ఆమ్లం తగ్గితే ఈ మందు పట్టటం తగ్గుతుంది.

రోజువారీ వాడకంలో అసలు పరీక్ష కాఫీ. పరగడుపున మంచినీళ్లతో మాత్ర, తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ వద్దు. మా ఇంట్లో కాఫీ పడందే తెల్లవారదు, డికాషన్ వాసన వస్తుంటే గంట ఆగటం నరకం. రాత్రి భోజనం అయ్యాక మూడు గంటలకు వేసుకున్నా ఫరవాలేదని డాక్టరు గారన్నారు. మా ఇంట్లో భోజనాలయ్యేసరికే తొమ్మిదిన్నర, నాకు కుదరలేదు. చివరికి మంచం పక్కనే సీసా, నీళ్లు పెట్టుకుని అయిదింటికి అలారం మోగగానే వేసుకోవటం అలవాటైంది. ముగ్గు, వంట అయ్యేసరికి కాఫీ వేళవుతుంది. కార్తీక సోమవారం ఉపవాసం నాడూ మాత్ర ఆపను. మందుకు దోషం లేదని అత్తగారే ఒప్పుకున్నారు.

మాత్రల్ని వేడి, వెలుతురు, తేమ తగలకుండా వాటి సీసాలోనే ఉంచండి, పొయ్యి పక్క గూట్లో వద్దు. ఈ మందులో థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ అనే బ్రాండ్లు రెండూ వాడాను, నాకు తేడా తెలియలేదు. అయినా షాపువాడు స్టాకు లేదని వేరే కంపెనీది ఇస్తే డాక్టరుకి చెప్పి, ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోవటం మంచిది.

పరీక్షల విషయంలో ల్యాబ్‌వాళ్లు పెద్ద ప్యాకేజీ అంటగడతారు. డోసు కుదిరాక నాకు ఆరు నెలలకో, ఏడాదికో టీఎస్‌హెచ్ ఒక్కటే రాస్తున్నారు. ఎప్పుడూ ఒకే వేళకు, ఆ రోజు మాత్ర వేసుకోకముందే రక్తం ఇస్తాను. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. ల్యాబ్ పద్ధతిని బట్టి అది టీఎస్‌హెచ్‌ని తప్పుగా తక్కువ చూపించగలదు.

బంధువుల సలహాలకు మార్కులు వేయను. ధనియాల కషాయం తాగాను, రుచి బాగానే ఉంది, టీఎస్‌హెచ్ కదల్లేదు. క్యాబేజీ మానేయమంటారు. ఉడికించి మామూలుగా తినేదానికి భయం లేదన్నారు డాక్టరు గారు, తింటున్నాను. అయోడిన్ కోసం ఏవేవో పొడులు తినమంటారు. తినే ఉప్పు అయోడిన్ లేకుండా అమ్మటాన్ని 2006లోనే దేశమంతటా నిషేధించారు, హషిమోటో వచ్చినవాళ్లకు అయోడిన్ అతిగా పడితే చెడుపే. నెల రోజుల్లో శాశ్వతంగా నయం అనే ప్రకటన చూసి మా తోడికోడలు మాత్ర ఆపేసింది. మూడు నెలల తర్వాత ముఖం వాచి మళ్లీ మొదలుపెట్టింది.

ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. మా చెల్లికీ ఉంది. గర్భం నిలిచిందని తెలిసిన రోజే తను డాక్టరుకి ఫోన్ చేసింది, అప్పుడే డోసు పెంచారు. తొలి నెలల్లో బిడ్డకి కావలసిన హార్మోన్ తల్లి నుంచే వెళుతుంది కాబట్టి వచ్చే చెకప్ దాకా ఆగకూడదట.

ప్రస్తుతం 100 మీదే ఉన్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వేసుకునే ప్రతి మాత్ర పేరు, వేళ రాసిన ఒక కాగితం తీసుకెళతాను, అన్ని చీటీలూ దానికే పిన్ చేసి ఉంటాయి. జుట్టు పాత ఒత్తుకు రాలేదు, చన్నీళ్ల స్నానం ఇప్పటికీ పడదు. పద్యం మాత్రం పూర్తిగా చదువుతున్నాను, పై స్థాయితో సహా.