మోకాలు పట్టేస్తే సైకిల్ మూల పెట్టాలా, మెల్లగా తొక్కాలా? ఏది మేలు

పోయిన నెల హైదరాబాద్ నుంచి సైకిళ్ల మీద అనంతగిరి కొండలకి వెళ్తుంటే మన్నెగూడ దాటాక ఎడమ మోకాలు ఉన్నట్టుండి పట్టేసింది. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద హాయిగా ముచ్చట్లు పెట్టుకుంటూ వచ్చాం, అప్పటిదాకా ఏం లేదు, ఒక చిన్న ఎత్తు వచ్చి గట్టిగా తొక్కగానే మోకాలి చిప్ప కింద సూది గుచ్చినట్టు. దిగితే నొప్పి లేదు, ఎక్కితే ఉంది.

అక్కడ మొదటి పంచాయితీ, వెనక్కి తిరగాలా ముందుకు పోవాలా అని. మా గ్యాంగ్‌లో ఒకడు "ఒళ్లు వేడెక్కితే అదే పోతది అన్నా" అన్నాడు, నేనూ నమ్మా. ఇంకో ఎనిమిది కిలోమీటర్లు తొక్కాక కాలు మడవలేని పరిస్థితి, చివరికి ట్రాలీ ఆటోలో సైకిల్ వేసుకుని ఇంటికి. ఇప్పుడైతే ఒకటే చేస్తా, బాగా తేలిక గేర్లో పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కాళ్లు తిప్పుతా, నొప్పి తగ్గుతుంటే మెల్లగా ఇంటిదారి పడతా, పెరుగుతుంటే దిగిపోతా. ఎత్తులెక్కే మాట అయితే రెండిట్లోనూ లేదు.

తర్వాతది అసలు ప్రశ్న. పూర్తి రెస్టా, కొద్దికొద్దిగా తొక్కడమా? ఇంట్లో వాళ్లు "ఆ సైకిల్ అమ్మెయ్ ముందు" అంటారు, అది ఎప్పుడూ ఉండేదే. నేను పది రోజులు ముట్టుకోలేదు, నొప్పి పోయింది, సంబరంగా ఎక్కితే ఇరవయ్యో కిలోమీటర్‌కి మళ్లీ అదే చోట అదే నొప్పి. ఎందుకంటే రెస్ట్‌తో మంట తగ్గుతుంది గానీ మంట పెట్టిన కారణం అలాగే కూర్చుని ఉంటుంది, పైగా తొడ కండ కూడా కాస్త నీరసపడుతుంది. అందుకే నా ఓటు తేలిగ్గా తొక్కడానికే, చదును రోడ్డు మీద అరగంట, నొప్పి పదిలో మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున లేచేసరికి ముందురోజు కంటే ఎక్కువ ఉండకూడదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఆ సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఇలాంటప్పుడు బాగా పనికొచ్చింది, బండ్ల గోల లేదు, నొప్పొస్తే అక్కడే వెనక్కి తిరగొచ్చు. కానీ పడ్డాక వచ్చిన నొప్పి, గంటల్లో వాచిపోయిన మోకాలు, మడత పడి లాక్ అయిపోవడం, కాలు మోపలేకపోవడం, ఎర్రగా వేడిగా అయి జ్వరం రావడం, వీటికి ఈ పోలిక వర్తించదు, నేరుగా డాక్టర్ దగ్గరికే.

ఐసా కాపడమా అని అందరూ కొట్టుకుంటారు, నిజానికి ఇది అంత పెద్ద విషయం కాదు. రెండూ నొప్పి తెలియకుండా చేసేవే. రెస్టు, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే సూత్రాన్ని 1978లో రాసిన డాక్టర్ గేబ్ మిర్కినే, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత మాట మార్చుకున్నాడు. వాపుంటే మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఐస్, తర్వాత పట్టేసినట్టుంటే మా అమ్మ పెట్టే ఉప్పు కాపడం. టాబ్లెట్ వేసుకుని నొప్పి తెలియకుండా లాంగ్ రైడ్‌కి పోవడం మాత్రం వద్దే వద్దు, ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ పెయిన్ కిల్లర్లు కిడ్నీల మీద పడతాయి.

ఇక సీటు. నా కథ మొత్తం ఇక్కడే ఉంది. రైడ్‌కి నాలుగు రోజుల ముందు సర్వీసింగ్‌కి ఇచ్చా, షాపు కుర్రాడు సీటు దింపి మళ్లీ పెట్టాడు, సుమారుగా. టేపు పెట్టి కొలిస్తే పన్నెండు మిల్లీమీటర్లు కిందకుంది! అంతేనా అనిపిస్తుంది గానీ నిమిషానికి 80 తిప్పులంటే గంటకి 4800, ఐదు గంటలకి 24000 సార్లు ఆ మోకాలు కావలసినదానికన్నా ఎక్కువ మడిచాను, మడిచిన ప్రతిసారీ చిప్ప తొడ ఎముక మీద గట్టిగా నొక్కుకుంటుంది. మామూలుగా చిప్ప దగ్గర ముందువైపు నొప్పంటే సీటు తక్కువని లేదా బరువు గేర్లు తొక్కుతున్నారని అనుమానించాలి, వెనకవైపైతే సీటు ఎక్కువని, పక్కలకైతే క్లీట్ (బూటుని పెడల్‌కి పట్టి ఉంచే బిళ్ల) వంకరేమో చూడాలి. కొలత కూడా ఈజీనే, గోడకి నిలబడి కాళ్ల మధ్య పుస్తకం పైకి గట్టిగా పట్టుకుని నేల నుంచి దాని పై అంచు దాకా కొలిచి 0.883తో గుణిస్తే పెడల్ రాడ్లు రెండూ తిరిగే నడిమి ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఎంతుండాలో వస్తుంది, నాది 81 సెంటీమీటర్లు, అంటే 71.5. ఇది మొదలు పెట్టడానికే, అందరికీ అచ్చం సరిపోదు. మార్చేటప్పుడు ఒకేసారి కాదు, మూడు నాలుగు మిల్లీమీటర్లు పెంచి రెండు రైడ్లు చూసి మళ్లీ.

మరి వేలు పోసి బైక్ ఫిట్, అంటే మన ఒంటి కొలతలకి తగ్గట్టు సైకిల్ సెట్టింగ్, చేయించుకోవాలా, ఫిజియో దగ్గరికి వెళ్లాలా? నాకైతే ఫిజియోనే ముందు. మెట్లు దిగుతుంటే కూడా నొప్పి ఉందంటే లోపం సైకిల్లో ఒక్కటే లేదన్నట్టు. సీటు సరిచేశాక కూడా నాకు కొంచెం మిగిలింది, ఫిజియో ఆవిడ అద్దం ముందు ఒంటికాలితో మెట్టు దిగమంది, చూస్తే మోకాలు లోపలికి వాలిపోతోంది, తుంటి పక్క కండలో బలం లేదంట. ఎంత ఖరీదైన ఫిట్ చేసినా ఆ కండ పెరగదు కదా! పక్కకి పడుకుని కాలు లేపడం, మెట్టు మెల్లగా దిగడం, గోడకి వీపు ఆనించి కుర్చీలో ఉన్నట్టు కూర్చోవడం, రోజుకి పావుగంట, ఐదు వారాలు. సైకిల్ మీద మాత్రమే నొప్పి వచ్చి, సీటు మీరే సరిచేసుకున్నా పోకపోతే అప్పుడు ఫిట్‌కి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. మోకాలికి తొడిగే నీ-క్యాప్ పట్టీ సంగతి అడగొద్దు, కొన్నా, ప్రతి తిప్పుకీ మోకాలి వెనక ముడతపడి రాసుకుపోయింది.

చివరికి చేసిన ఖర్చు ఫిజియో ఫీజు, ఒక 32 పళ్ల క్యాసెట్ (వెనక చక్రానికుండే గేర్ల సెట్, పెద్ద పళ్ల చక్రంతో గేర్ తేలికవుతుంది), ఎత్తులో కూర్చునే కాళ్లు తిరుగుతున్నాయి ఇప్పుడు. ఇంకోటి ఐదు రూపాయల పని, సీటు రాడ్డు మీద సరైన ఎత్తు దగ్గర ఎర్ర టేపు ముక్క అంటించా, సర్వీసింగ్ నుంచి బండి రాగానే ముందు చూసేది దాన్నే.