పంపు మంచిదే, నా గొడవంతా ఆ బంతితోనే

2021 సెప్టెంబరులో మా సంప్ పంప్ గురించి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో రాసింది ఇంకా నా ఫోన్‌లో ఉంది. "కళ్లు మూసుకుని కొనుక్కోండి" అని రాశాను. కొనుక్కోండి అన్నమాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను గానీ, కళ్లు మూసుకుని అన్నది కొట్టేయండి.

మాది న్యూజెర్సీ, మిడిల్‌సెక్స్ కౌంటీ. 2019 వసంతంలో ఇక్కడి ప్లంబర్‌తో పెట్టించిన అర హార్స్‌పవర్ పంపు ఇది. గంటకి ఎన్ని గ్యాలన్లు తోడుతుందో డబ్బా మీదే ఉంటుంది కాబట్టి దాని జోలికి పోను. మన ఊళ్లో సంపు అంటే కుళాయి నీళ్లు పట్టి దాచుకునేది. ఇక్కడ పునాది చుట్టూ ఊరిన నీళ్లు వచ్చి చేరే గుంటని సంప్ అంటారు, ఆ నీళ్లు వదిలించుకోవడమే పని. ఈ తేడా మా అమ్మకి ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా "నీళ్లు పారబోయడానికి మోటారేంట్రా" అనే అంటుంది.

ముందు మెచ్చుకోలు. హరికేన్ ఐడా తాలూకు వాన మా మీద పడిన సెప్టెంబరు 1న న్యూవార్క్‌లో ఒక్కరోజులో 8.41 అంగుళాలు కురిసింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో అయితే ఒక్క గంటలోనే 3.15. మా వీధిలో మూడు బేస్‌మెంట్లు మునిగాయి. మా పంపు మాత్రం సాయంత్రం మొదలుపెట్టి తెల్లారేదాకా లేవడం, తోడడం, ఆగడం, మళ్లీ లేవడం. నేను మెట్ల మీద కూర్చుని, కరెంటు పోకుండా చూడమని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. కరెంటు పోలేదు. తెల్లారి లేచి కార్పెట్ చేత్తో తడిమి చూస్తే పొడిగా ఉంది. ఆ ఊపులోనే గ్రూపులో అలా రాసేశాను.

అంత వానకి నిలబడ్డ పంపు, ఏడు నెలల తర్వాత పేరులేని ఒక మామూలు ముసురుకి చేతులెత్తేసింది.

2022 ఏప్రిల్. కోవిడ్ తర్వాత మొదటిసారి అమ్మానాన్నలు వచ్చారు. రెండ్రోజులుగా సన్నగా తుంపర, గొడుగు లేకుండా కూడా తిరిగేంత. అలాంటి వానకి బేస్‌మెంట్ గురించి ఎవరు ఆలోచిస్తారు? పొద్దున్నే కాఫీకి లేచిన నాన్న, కింద అరలో పెట్టిన తన సూట్‌కేసు కోసం మెట్లు దిగుతూ ఆగిపోయి నన్ను కేకేశారు. నేలంతా ఒకటిన్నర అంగుళాల నీళ్లు. కార్పెట్ అలల్లా ఉబ్బింది. కింద పెట్టిన సోనా మసూరి బస్తాలు రెండూ తాగగలిగినన్ని నీళ్లు తాగేశాయి. అమ్మ తెచ్చిన ఆవకాయ డబ్బా ఒక్కటే మూత గట్టిగా ఉండబట్టి హాయిగా తేలుతోంది.

నాన్న తెనాలి దగ్గర మా పొలంలో నలభై ఏళ్లు ఐదు హార్స్‌పవర్ మోటారుతో కాపురం చేసిన మనిషి.

"కరెంటుందా?"

"ఉంది నాన్నా."

"నీళ్లూ ఉన్నాయిగా. మరి తిరగదేం?"

నా దగ్గర జవాబు లేదు. ప్లంబర్‌కి ఫోన్ చేస్తే మధ్యాహ్నం దాకా రాలేనన్నాడు. మా గుంట మెట్లకి ఆనుకునే ఉంటుంది. నాన్న చివరి పొడి మెట్టు మీద నిలబడి, పొడవాటి గొడుగు తీసుకుని, దాని చెక్క కొంకితో గుంట మూత పక్కకి లాగారు. తర్వాత లోపలికి పెట్టి కెలికారు. నల్లటి బంతి ఒకటి గుంట గోడకీ పైపుకీ మధ్య ఇరుక్కుని ఉంది. కొంకి తగిలించి లాగగానే అది బుడుక్కున పైకి లేచింది. అదే క్షణంలో పంపు గుర్రుమంది.

"మోటారుకేం కాలేదురా. నీళ్లొచ్చాయని దానికి కబురు చెప్పేవాడే నిద్రపోయాడు."

(ఇది చదివి మీరు నీళ్లలోకి దిగకండి. ప్లగ్గులు తడిసి ఉంటే ఆ నీళ్లలో కరెంటు ఉండొచ్చు. మేం మెట్టు దిగలేదంటే అది తెలివి కాదు, చలికి భయపడి.)

అరగంటలో నేల కనిపించింది. ఆరబెట్టడానికి వారం పట్టింది. కార్పెట్ పోయింది, గోడల అడుగున రెండడుగుల షీట్‌రాక్ (ఇక్కడి గోడలకి వేసే జిప్సం పలక) కోసి తీయాల్సి వచ్చింది. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేస్తే, సంప్ పొంగిన నీటికి విడిగా రైడర్, అంటే పాలసీకి అదనపు కవరేజీ, తీసుకుని ఉండాలి, మీకు లేదు అన్నారు. ఆ చేదు గురించి ఇంతకంటే రాయను.

అసలు సంగతి ఆ మర్నాడు తెలిసింది. నీళ్లు తగ్గాక టార్చి వేసి చూస్తే, గుంట ప్లాస్టిక్ గోడ మీద చంద్రవంకలా ఒక గీత. బంతి అక్కడ రాసుకుని రాసుకుని పడిన అరుగు. ఈ బంతి జానెడు వైరుకి కట్టి ఉంటుంది, నీళ్లతో లేచి తలకిందులైతే లోపలి స్విచ్ పడుతుంది. తిరగడానికి చోటుంటే సరే. మా గుంట అడ్డంగా పద్దెనిమిది అంగుళాలే. బిగించిన రోజున పంపు పిడి వాటర్ హీటర్ వైపు ఉన్నట్టు నాకు గుర్తు, ఇప్పుడు మెట్ల వైపు ఉంది. స్టార్టయిన ప్రతిసారీ మోటారు ఒక చిన్న కుదుపు ఇస్తుంది. పైన పైపుకి రబ్బరు జాయింటు, కింద నున్నటి పలక. వెంట్రుకవాసి చొప్పున పంపు తిరుగుతూ తిరుగుతూ తన బంతిని తనే గోడ దగ్గరికి తీసుకెళ్లింది.

ఐడా రాత్రి నిమిషానికోసారి అనుకున్నా పది గంటల్లో ఆరొందల కుదుపులు. అంటే నేను నెత్తిన పెట్టుకున్న ఆ రాత్రే దీన్ని సగం తిప్పేసిందేమో. రుజువు చేయలేను గానీ, ఆ పొగడ్త తర్వాత ఇది నాకు మింగుడుపడలేదు.

ఇంకో చికాకు ఏమిటంటే, నేను నిర్లక్ష్యంగా ఉన్నవాణ్ణి కాదు. అందరూ చెప్పినట్టే మూణ్ణెల్లకోసారి ఐదు గ్యాలన్ల బకెట్‌తో గుంటలో నీళ్లు పోసి పరీక్షించేవాణ్ణి. ప్రతిసారీ పాసే. ఎందుకంటే బకెట్ ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆ తోపుకి ఇరుక్కున్న బంతి కూడా ఊడి లేస్తుంది. ముసురు నీళ్లు అలా రావు, గుట్టుగా అంగుళం అంగుళం పెరుగుతాయి. ఇప్పుడు నేను తోట పైపు సన్నగా వదిలి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను. పావుగంట బోరు కొడుతుంది, కానీ అదే అసలు పరీక్ష.

ప్లంబర్ కొత్త పంపు పెట్టేద్దామన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. చూస్తే గోడకి ఒకదాని మీద ఒకటి రెండు ప్లగ్గులున్నాయి: ముందు బంతి వైరుది, దాని వీపు మీద పంపుది. అంటే బంతి విడిగా మార్చుకోవచ్చు. నలభై డాలర్ల లోపే నిటారు స్విచ్ దొరికింది, ఇందులో బంతి ఒక కడ్డీ మీద లిఫ్టులా పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. ఇంకో విషయం ముందే తెలిసుంటే బాగుండేది. బంతి మొరాయించినప్పుడు పంపు ప్లగ్గు తీసి నేరుగా గోడలో పెడితే చాలు, అది తిరుగుతుంది. నీళ్లు అయిపోగానే పీకేయాలి, లేదంటే ఉత్తినే తిరిగి మోటారు కాలిపోతుంది. ఆ పొద్దున గొడుగు కూడా అక్కర్లేకపోయేది.

ఆ వేడిలోనే బ్యాటరీ బ్యాకప్ పంపు కూడా కొన్నాను. అందరూ కరెంటు పోతుందని కొంటారు. నేను దానికున్న రెండో బంతి కోసం కొన్నాను. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం మర్చిపోయి ఒకసారి తిట్లు తిన్నాను, అది వేరే సంగతి.

పంపు ఆగినప్పుడల్లా వచ్చే ధడ్ చప్పుడు విని నాన్న "ఇది మన ఫుట్‌వాల్వ్ లాంటిదేనా" అని అడిగారు. చెక్‌వాల్వ్. అక్కడ ప్రైమింగ్ (మోటారు లాగడానికి పైపులో ముందే నింపి ఉంచే నీళ్లు) పోకుండా పట్టి ఉంచాలి, ఇక్కడ తోడేసినవి గుంటలోకి తిరిగి రాకుండా ఆపాలి. దాని కింద పైపుకి ఒక సన్నటి చిల్లు ఉంటుంది, గాలి పట్టేయకుండా. పంపు తిరిగేటప్పుడు అందులోంచి నీళ్లు చిమ్ముతాయి, లీకనుకుని మూసేయకండి. నేను మూయబోతే నాన్నే ఆపారు.

నిటారు స్విచ్ పెట్టి మూడేళ్లు దాటింది. ఇరుక్కోలేదు అని రాయాలనుంది, పూర్తిగా నిజం కాదు. మా నేలలో ఇనుము ఎక్కువ, గుంటలో నారింజ రంగు జిగురు పేరుకుంటుంది. అది కడ్డీకి పట్టుకుని రెండుసార్లు బంతి బద్ధకించింది, రెండుసార్లూ తోట పైపు పరీక్షలోనే దొరికింది. వెనిగర్‌తో కడ్డీ తుడిస్తే మళ్లీ మామూలే. మీ నీళ్లు తేటగా ఉంటే ఈ బాధ ఉండకపోవచ్చు. మీ గుంట రెండడుగుల వెడల్పుంటే వైరు బంతే చాలేమో. మా ప్లంబర్ ఇప్పటికీ దాన్నే వెనకేసుకొస్తాడు, అతను చూసిన గుంటలు నాకంటే ఎక్కువ.

పంపు మటుకు ఈనాటికీ గట్టిగానే తోడుతోంది. అయితే ఇలాంటివి ఏడు నుంచి పదేళ్లు అంటారు, మాది ఆ అంచుకి వచ్చింది. పోయేదాకా ఆగాలా, ముందే మార్చాలా అని మా ఆవిడకీ నాకూ తేలలేదు. అప్పటిదాకా ప్రతి ఆదివారం మూత తీసి, మార్కర్‌తో గుంట అంచు మీద గీసుకున్న గీతకి ఎదురుగా పంపు పిడి ఉందా లేదా అని చూస్తున్నాను. మొన్న చూస్తే చిటికెన వేలంత పక్కకి జరిగింది.