నెల మొదటి తేదీ: మైఎస్‌క్యూఎల్‌లో రెండు దారులు

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో నెల చివరి రోజుకి లాస్ట్ డే అనే ఫంక్షన్ ఉంది కానీ, మొదటి రోజుకి అలాంటిది లేదు. అందుకే చాలామంది ఈ రెండు పద్ధతుల్లో ఒకటి పట్టుకుంటారు.

ఒకటి డేట్ ఫార్మాట్, అంటే తేదీని మనకి కావాల్సిన రూపంలో రాసిచ్చే ఫంక్షన్. సంవత్సరం, నెల ఉంచి రోజు చోట 01 రాసేస్తాం. చదవగానే అర్థమవుతుంది. కాకపోతే చేతికొచ్చేది తేదీ కాదు, అక్షరాల వరుస. రిపోర్ట్‌లో చూపించడానికి చాలు, లెక్కలకి వాడాలంటే మళ్లీ తేదీగా మార్చుకోవడమే మంచిది.

రెండోది తీసివేత. ఫిబ్రవరి 19 అయితే 19లోంచి ఒకటి తగ్గించి, ఆ 18 రోజులు వెనక్కి జరుపుతాం. ఫిబ్రవరి 1 వస్తుంది, తేదీ తేదీగానే ఉంటుంది. నా ఓటు దీనికే. కానీ ఇందులో ఒక గుంట ఉంది, నేను పడ్డాను. ఈ రోజు తేదీ మాత్రమే ఇచ్చే కర్‌డేట్ బదులు, తేదీతో పాటు టైమ్ కూడా ఇచ్చే నౌ వాడాను. మధ్యాహ్నం 2:35కి నడిపితే జవాబు "1వ తేదీ 2:35" అని వచ్చింది. ఆ నెల 1న పొద్దున్నే వచ్చిన ఆర్డర్లన్నీ రిపోర్ట్‌లోంచి ఎగిరిపోయాయి! ఎర్రర్ ఏమీ రాదు, మొత్తం మాత్రం తగ్గుతుంది. రెండు రోజులు టెన్షన్ పడ్డాక గానీ దొరకలేదు.

ఏ దారైనా సరే, ఫంక్షన్‌ని వేర్ క్లాజ్‌లో (ఏ వరుసలు కావాలో చెప్పే షరతులో) తేదీ కాలమ్ మీద వేయకండి, వేగంగా వెతకడానికి పెట్టుకున్న మామూలు ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది. కాలమ్‌ని అలాగే వదిలి, ఈ నెల 1 నుంచి వచ్చే నెల 1కి ముందు వరకు అని అడగండి.