చిట్టీనా, ఫోనా, పేపర్ లీకా?

విజయనగరంలో ఒక కవల, శ్రీకాకుళంలో ఇంకో కవల పరీక్షకు కూర్చున్నారు. ఉన్నవి మూడే అవును–కాదు ప్రశ్నలు. అప్పటికప్పుడు చీటీ తీసి ఒక్కొక్కరికి ఒక్కటి ఇస్తారు. ఇద్దరికీ ఒకే ప్రశ్న పడితే జవాబూ ప్రతిసారీ ఒకటే. ఇన్విజిలేటర్‌కి వచ్చే మొదటి అనుమానం: చిట్టీ రాసుకొచ్చారు. క్వాంటం ఫిజిక్స్‌లోనూ ఇలాంటి కవలలున్నాయి: ఎంత దూరంలో ఉన్నా కొలతలు కలిసే కణాల జంటలు, ఉదాహరణకు ఫోటాన్లు (కాంతి కణాలు). వాటి విషయంలో 1935లో భౌతిక శాస్త్రవేత్తలు ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్‌లది దాదాపు ఈ అనుమానమే. హిడెన్ వేరియబుల్ అంటే కణాలు ముందే మోసుకొచ్చే ఈ చిట్టీయే.

1964లో జాన్ బెల్ చిట్టీని లెక్కకు పెట్టాడు. మూడు జవాబుల్లో కనీసం రెండు ఒకటే అయి తీరాలి. కాబట్టి వేర్వేరు ప్రశ్నలు పడినా సగటున 3లో 1 సారైనా జవాబులు కలవాలి. మొన్న ట్యూషన్‌లో ఒక కుర్రాడు ఒప్పుకోక, బస్సు టికెట్టు వెనక ఎనిమిది రకాల చిట్టీలూ రాసి చూశాడు. ఒక్కటీ 3లో 1 కంటే కిందికి దిగలేదు. ఫోటాన్లకు ప్రశ్న అంటే పోలరైజర్ (కాంతిని వడకట్టే పలక) పెట్టిన కోణం. పోలరైజర్లను 60 డిగ్రీల తేడాతో పెడితే ఫోటాన్ల జవాబులు కలిసేది క్వాంటం లెక్క ప్రకారం 4లో 1 సారే. బెల్ గీసిన గీతను ప్రకృతి నిజంగానే దాటుతోందని ప్రయోగాలు తేల్చాయి. క్లాజర్, ఆస్పె, జైలింగర్‌లకు 2022 నోబెల్ వచ్చింది అందుకే.

మరి ఏది మేలు? పేపర్ ముందే లీకైందనే వాళ్లున్నారు, అంటే ఎవరికి ఏ ప్రశ్న పడుతుందో కూడా చిట్టీతో ముడిపడి ముందే ఖాయమైపోయిందని; దాని పేరు సూపర్ డిటర్మినిజం. అలా అయితే ఏ ప్రయోగాన్నీ నమ్మలేం, వదిలేద్దాం.

క్వాంటం సిద్ధాంతానికి 'కోపెన్‌హాగెన్' అనే వ్యాఖ్యానం చెప్పేవాళ్లు చిట్టీయే లేదంటారు. లెక్కలకు హాయి. కానీ 'చిట్టీ వదిలేశాం, లొకాలిటీ దక్కింది' (అంటే ఫోను లేదు, ఇక్కడి కొలత అక్కడ తక్షణం తాకదు) అని పుస్తకాలు చెప్పేది నాకు మింగుడుపడదు. చిట్టీ లేదు, ఫోనూ లేదు, అయినా ప్రతిసారీ ఒకటే జవాబు ఎలా? 1935 నాటి ప్రశ్న అక్కడే ఉంది.

డేవిడ్ బోమ్ 1952లో చిట్టీ ఉంచుకున్నాడు, ఫోనూ ఉందని ఒప్పుకున్నాడు. కణానికి ఎప్పుడూ ఒక చోటుంది, అల దాన్ని నడుపుతుంది, ఇక్కడి కొలత అక్కడి కణాన్ని తక్షణం తాకుతుంది. ఆ ఫోనులో మనం కబురు మాత్రం పంపలేం. దాపరికం లేదు కాబట్టి నా ఓటు బోమ్‌కే, కాస్త టెన్షన్‌తోనే. ఎవరి కొలత ఎవరిని తాకిందో చెప్పాలంటే, ముందు రాసింది విజయనగరం కవలా, శ్రీకాకుళం కవలా అన్నది బోమ్ తేల్చాలి. సాపేక్షత ప్రకారం అది చూసేవాడిని బట్టి మారిపోవచ్చు.